గుట్ట మీద ప్రార్థన

తీరిక లేని విద్యార్థులు రోజూ వ్యాయామం చేయడం ఎలా అని ఫోనులో వీడియోలు పెట్టేవాళ్ళు ఎవరైనా చేతికి దొరికితే, వాళ్ళను కోసిగి బస్సెక్కించి మా ఊరికి తీసుకురావాలని నాకు కోరిక. లిఫ్టు మానేసి మెట్లెక్కండి అంటాడు ఒకాయన. మా ఊళ్ళోనే కాదు, మా మండలం మొత్తంలో లిఫ్టనేది ఇంతవరకు నా కంటపడలేదు. దిగాల్సిన స్టాపుకు ఒక స్టాపు ముందే దిగి నడవండి అంటుంది ఇంకొకామె. మా ఊరికి ముందు స్టాపంటే మధ్యలో ఒక వంక, పత్తి చేలు, గొర్రెల దొడ్డి, ఆ దొడ్డి కుక్కలు. ఆమె మాట నమ్మి ఒక సాయంత్రం దిగాను. కుక్కల పుణ్యాన నడక కాస్తా పరుగైంది గానీ ఇంకోసారి దిగే ధైర్యం మాత్రం రాలేదు.

నాకు వ్యాయామం సరదా కాదు. పోలీసు కానిస్టేబుల్ రాత పరీక్షలో మొదటి మెట్టు దాటాను. ఇక ఈవెంట్స్ ఉన్నాయి. అంటే కర్నూలు మైదానంలో ఉరకడం, దూకడం, ఛాతీ కొలిపించుకోవడం. అన్నిటికంటే ముందు పదహారు వందల మీటర్ల పరుగు. అందులో పోతే మిగతావాటికి పిలవనే పిలవరు. అక్కడ తప్పితే డిగ్రీ పరీక్షలు కాగానే బెంగళూరులో మేస్త్రీ దగ్గరికి పోవాల్సిందేనని మా నాన్న జయపాల్ ముందే తేల్చి చెప్పాడు. కోపంతో చెప్పిన మాట కాదది. వాన లేదు, బోరులో నీళ్ళు లేవు, ఎండలు ముదిరితే మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలే. ఆయన ఉన్నమాట చెప్పాడు. నేను మాత్రం కంకర కలిపే మిషను గుర్తొస్తే చాలు, లేచి పుస్తకం పట్టుకునేవాణ్ణి.

ఇంతకీ ఉరకడానికి వేళేది? నేను ఆదోనిలో బి.కాం. ఆఖరి సంవత్సరం. పొద్దున్నే ఆటోలో కోసిగి, అక్కడినుంచి బస్సులో ఆదోని, సాయంత్రం దాకా కాలేజీ, ఆ తర్వాత ఒక బట్టల అంగడిలో చీరలు మడతపెట్టే పని, ఆఖరి బస్సుకు ఇల్లు. ఒక్క చీర కొనడానికి అంగడంతా విప్పించే అమ్మగార్ల దయ వల్ల చేతులకు కసరత్తు బాగానే ఉంది. కాళ్ళకే లేదు. పైగా అంగడి ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి. ఇన్ని పనుల్లోనూ నా పొట్టకు మాత్రం పెరగడానికి తీరిక దొరికింది.

మిగిలింది తెల్లవారుజామే. ఒకరోజు చీకటుండగానే లేచి బూట్లు కట్టుకుని ఊరి రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాను. మా ఊళ్ళో మనిషి ఉరికితే దానికో కారణం ఉండాలి. ఎవరైనా పోయుండాలి, ఎవరికైనా నొప్పులొచ్చుండాలి, లేదంటే బస్సు పోతూ ఉండాలి. టీ అంగడి దేవేంద్రప్ప నన్ను చూసి ఏమైందప్పా అని అడిగాడు. ఆయాసంతో నోట మాట రాలేదు. దాన్ని ఆయన దుఃఖం అనుకున్నాడు. నేను ఊరి చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు గుంపు. మా అమ్మ రెజీనా అప్పటికే ఏడుస్తోంది. ఎవరు పోయారని అడగడం ఆమెకు తోచలేదు, అందరూ వచ్చారు కాబట్టి ఎవరో పోయే ఉంటారని ఏడ్చింది.

మరునాటికి సంగతి తెలిసిపోయింది. అది ఇంకా అన్యాయం. టీ అంగడి ముందు కూచున్నవాళ్ళు నన్ను చూడగానే ఎస్సైగారు వస్తున్నారని లేచి నిలబడి, టీ గ్లాసులు ఎడమచేతికి మార్చుకుని సెల్యూట్ కొట్టారు. ఒకడు తన సైకిల్ ఎవరో ఎత్తుకుపోయారని కంప్లైంట్ కూడా ఇచ్చాడు. ఆ తర్వాతి రోజు నా పొట్ట గురించి మొదలుపెట్టారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఉరికేవాడికి తిట్టడానికి ఊపిరుండదు. ఇంటికొచ్చి బూట్లు విప్పి మంచం కిందికి తోశాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ మాట చెప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

చివరికి ఊరికి పడమర ఉన్న గుట్ట గుర్తొచ్చింది. దాని చుట్టూ మేకల బాట ఉంది, పైన చదునైన బండ ఉంది, పొద్దున్నే అక్కడ మనిషి ఉండడని నా లెక్క. బండ మీద దండీలు తీశాను, బస్కీలు తీశాను, గుట్ట చుట్టూ ఉరికాను. తిరిగి బండ మీదికెక్కి మోకాళ్ళ మీద కూలబడి, ఊపిరి అందడానికి రెండు చేతులూ పైకెత్తాను. సరిగ్గా అప్పుడు పుల్లలు ఏరుకోడానికి వచ్చిన విశ్వాసమ్మ పెద్దమ్మ నన్ను చూసింది. వరసకు పెద్దమ్మ, మా వీధే. ఆమె అక్కడే నిలబడి శానాసేపు చూసింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, పుల్లల సంగతి మరిచి ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

అవి శ్రమదినాలు. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులు మావాళ్ళలో ఉపవాసాలుండేవాళ్ళు, తెల్లవారుజామున ఒంటరిగా గుట్టకు పోయి ప్రార్థన చేసుకునేవాళ్ళు ఉంటారు. అందరూ ముసలివాళ్ళే. కుర్రవాడు పోయాడన్నది మా చర్చి చరిత్రలో లేదు.

ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద దావీదురాజు తాత నన్ను లేపి ముందుకు పిలిచాడు. ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఇళ్ళలో పొయ్యి మీద పప్పు ఉడికి, మాడి, చల్లారుతుంది. అంతటి మనిషి ఆ రోజు నన్ను చూపించి, ఈ కాలం పిల్లలు ఫోన్లు పట్టుకుని పొద్దెక్కిందాకా పడుకుంటుంటే జయపాల్ కొడుకు గుట్ట మీద సాగిలపడి కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నాడని చెప్పాడు. కన్నీళ్ళు కాదు, అవి చెమటలు. సాగిలపడడం కాదు, దండీలు. నాకు అబద్ధం ఆడే అవసరమేమీ లేదు గనక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"తాతా, నేను ప్రార్థన చేస్తాలేను. ఈవెంట్స్ ఉండాయి గదా, దానికి కసరత్తు చేస్తాండా."

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి విశ్వాసమ్మ పెద్దమ్మ లేచింది.

"సూసినారా, చేసింది చెప్పుకోడు. శానా తగ్గింపు గుణం ఉండాది పిల్లోనికి."

అందరూ ఆమెన్ అన్నారు. నేను ఇంకోసారి కాదన్నాను. ఇంకా గట్టిగా ఆమెన్ అన్నారు. ఇంట్లో అమ్మకు చెప్పి చూశాను. ఆమె నా నెత్తిన చేయి పెట్టి, చిన్నప్పుడు నేను చర్చిలో నిద్రపోయేవాడినని, దేవుడు మార్చాడని ముక్కు చీదుకుంది. నాన్న వినీ విననట్టు పైకప్పు వైపు చూస్తూ కూచున్నాడు. నిజం చెప్పిన కొద్దీ నా భక్తి పెరిగిపోతోందని అర్థమై ఊరుకున్నాను.

సోమవారం గుట్టకు పోతే అక్కడ నాకంటే ముందే జనం. పట్టలు పరిచి ఉన్నాయి. నాతో కలిసి ప్రార్థన చేయాలని వచ్చారట. ఒకాయన తన బోరులో నీళ్ళు పడాలన్నాడు. ఒకామె తన బర్రె తన్నకుండా పాలివ్వాలంది. దావీదురాజు తాత తన మోకాళ్ళ నొప్పులు పోవాలన్నాడు. విశ్వాసమ్మ పెద్దమ్మది ఒకటే మనవి, బెంగళూరులో ఉన్న కొడుకు అరుణ్ కుమార్ క్షేమం. మా వీధిలో బెంగళూరులో మనిషి లేని ఇల్లు లేదు గనక అందరూ దానికి తలూపారు. నేను నాలుగు ముక్కల్లో ముగించాను. తాత మాత్రం ఎత్తుకుని, పొద్దు బండ మీదికి వచ్చేదాకా దించలేదు. అప్పటికి నా ఆటో వేళయింది.

ఆ వారమంతా అదే తంతు. పరుగు లేదు, దూకడం లేదు. మోకాళ్ళ మీద కూచోవడం ఒక్కటే బాగా వచ్చింది. ఆ పరీక్ష పోలీసువాళ్ళు పెట్టరు. ఒకరోజు విసుగెత్తి దుప్పటి ముసుగుతన్ని పడుకుంటే విశ్వాసమ్మ పెద్దమ్మ వచ్చి తలుపు బాదింది. సంఘమంతా గుట్ట దగ్గర ఉందని, నేను లేకుండా మొదలుపెట్టేది లేదని వీధంతా వినపడేట్టు చెప్పింది. తిట్టుకుంటూ లేచాను. తోవ పొడుగునా ఆమె ముందు, నేను వెనక. ఆమె నడకకు నాకు ఆయాసమొచ్చింది. ఆ మాట బయటికి అనలేదు.

గుట్ట దగ్గరికి చేరేసరికి నా కోపం కట్టలు తెంచుకుంది. పెద్దవాళ్ళని కూడా చూడలేదు.

"నేను ఉరకల్ల. ఉరకకుంటే బెంగళూరికి పోవల్ల. మీరేమో దినామూ నన్ను కూచోబెడ్తాండారు."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దావీదురాజు తాత ముఖం చిన్నబోయింది. నాకూ బాధేసింది, కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. విశ్వాసమ్మ పెద్దమ్మే మధ్యలోకి వచ్చింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఊరేగింపు ఎటూ దగ్గరికొచ్చిందని, ఆ రోజు ఊరంతా నడుస్తూ పాడాలని, నడిచే అలవాటు లేక పోయిన ఏడు సగం మంది మధ్యలోనే కూలబడ్డారని గుర్తు చేసింది. కాబట్టి ఇప్పటినుంచే గుట్ట చుట్టూ నడుస్తూ ప్రార్థన చేద్దామంది. ముందు నడిచేది క్రాంతి, అంటే నేను, మిగతావాళ్ళు నా వెనక.

తాతకు ఒక సందేహం వచ్చింది. గుట్ట చుట్టూ తిరిగితే అది ప్రదక్షిణం అయిపోదా, పాస్టరయ్యకు తెలిస్తే ఏమంటాడు అని. దీని మీద కాసేపు చర్చ జరిగింది. చివరికి, గుడికి పోయేవాళ్ళు కుడికి తిరుగుతారు గనక మనం ఎడమకు తిరిగితే తప్పులేదని పెద్దలంతా తీర్మానించారు. ఎడమకైతే ఎడమకు, నాకేమి. కర్నూలు మైదానంలో కూడా ఎడమకే ఉరకాలని నాకప్పటికి తెలియదు.

మొదటిరోజు వాళ్ళ నడకతో నడిచాను. రెండోరోజు కాస్త వేగం పెంచాను. మూడోరోజుకు వాళ్ళు వెనక పాడుకుంటూ వస్తుంటే నేను ఉరికి ఒక చుట్టు చుట్టి వెనకనుంచి వాళ్ళను దాటిపోయాను. మళ్ళీ దాటాను. ముందు వాళ్ళకిది నచ్చలేదు. మనవులు ఎవరికి చెప్పుకోవాలి? అందుకూ పెద్దమ్మే దారి చెప్పింది. నేను దాటిపోయేటప్పుడే ఎవరి మనవి వాళ్ళు చెప్పుకోవాలి, నేను ఆ చుట్టంతా దాని మీద ప్రార్థన చేస్తూ ఉరకాలి. ఇక చూడాలి ఆ సంబరం. నేను గుంపును దాటుతుంటే ఒకరు బోరు అంటారు, ఒకరు బర్రె అంటారు, తాత మోకాళ్ళు అంటాడు. ఉరికేవాడికి ఒక్క ముక్కే వినపడుతుంది గనక అందరూ మనవులు కుదించుకున్నారు.

గుట్టకు ఉత్తరం వైపు బాట నిటారుగా ఎక్కుతుంది. నాకు దమ్ము చాలక ఆగిపోయేది అక్కడే. పెద్దమ్మ గుంపుతో పాటు నడవడం మాని అక్కడికొచ్చి నిలబడేది. నేను ఆగబోతుంటే, ఒక పెద్ద మనవి ఉంది, ఆగకుండా ఉరుకుతూ విను అని నా పక్కన నడుస్తూ మొదలుపెట్టేది. ఆమె కొడుకు గది ఇరుకు, ఆ గదిలో ఫ్యాను చప్పుడు, అక్కడి సాంబారులో బెల్లం, ఇట్లా ఒక కొస లేని మనవి. అది వినేలోపల ఎక్కుడు అయిపోయేది. ప్రార్థనలో కూడా ఇంత సాగదీస్తారా అని లోపల విసుక్కునేవాణ్ణి.

వారాలు గడిచాయి. నా పొట్ట తగ్గింది. తాత మోకాళ్ళు కుదుటపడ్డాయి. నడుస్తూ ప్రార్థన చేయాలంటే ఊపిరి చాలదు గనక ఆయన ప్రార్థనలు పొట్టివయ్యాయి. ఒక ఆదివారం ఆరాధన ఎండ ముదరకముందే ముగిసేసరికి పాస్టరయ్య అనుమానంగా గడియారం చూసుకున్నాడు. టీ అంగడి దగ్గర నన్నెవరూ ఒక్క మాట అనలేదు. పైగా గుట్టకు పోతుంటే దేవేంద్రప్ప, తన చెల్లెలికి సంబంధం కుదిరేట్టు చూడమని గొంతు తగ్గించి అడిగాడు. ఆయన మా సంఘం కూడా కాదు. నేను ఆ చుట్టు ఆమె కోసం ఉరికాను.

ఈవెంట్స్ రోజున టెంపో మాట్లాడుకుని అందరూ కర్నూలు వస్తామన్నారు. కాళ్ళావేళ్ళా పడి ఆపాను. నాన్న ఒక్కడే వచ్చాడు. మైదానంలో నాతోపాటు ఉరికినవాళ్ళంతా కోచింగుల్లో ఆరితేరినవాళ్ళు, కాళ్ళు చూస్తేనే తెలుస్తుంది. మొదటి చుట్లు బాగానే పోయాయి. ఆఖరి చుట్టులో ఛాతీ మండింది, కాళ్ళు నావి కావన్నట్టు అయ్యాయి. ఇక్కడ పాట లేదు, పక్కన నడుస్తూ సాంబారు గురించి చెప్పేవాళ్ళు లేరు. నాకు భయమేసింది, నిలబడిపోదామనిపించింది. అప్పుడు ఎవరూ అడగకుండానే బోరు, బర్రె, మోకాళ్ళు, దేవేంద్రప్ప చెల్లెలు, అరుణన్న అని వరసబెట్టి లోపల అనుకుంటూ ఉరికాను. ఆ వరస అయిపోతే మళ్ళీ మొదటినుంచి అనుకున్నాను. గీత దాటి పడిపోయాక, పాసైనావు లేయప్పా అని ఎవరో లేపారు. దూకడం, ఛాతీ కొలత కూడా గట్టెక్కాయి.

నాన్న గేటు బయట కానుగ చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. చెప్పాను. ఆయన నన్ను తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. నేను తింటున్నంతసేపూ పక్కనే నిలబడి, ఇంకో ప్లేటు తిను అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మిరపకాయ బజ్జీ ఘాటు అన్నాడు. ఆయన ఒక్క బజ్జీ కూడా తినలేదు.

ఊళ్ళో బస్సు దిగగానే ఇంటికి పోకుండా నేరుగా విశ్వాసమ్మ పెద్దమ్మ ఇంటికి పోయాను. మేకల పాక ఊడుస్తోంది. పాసయ్యానని చెప్పాను. చీపురు పట్టుకునే నిలబడిపోయింది. ఇంతకాలం మనసులో కలుక్కుమంటున్నది కూడా చెప్పేశాను, ఆఖరి చుట్టులో నిజంగానే ప్రార్థన చేశానని, అంతవరకూ గుట్ట మీద చేసింది కసరత్తేనని.

ఆమె నవ్వింది.

"దండీలకూ ప్రార్థనకూ తేడా తెలీదా నాకు? కండ్లు బాగనే కనపడ్తాయి నాయనా."

నాకేమీ అర్థం కాలేదు. మరి ఊరంతా ఎందుకట్లా చెప్పావని అడిగాను. ఆమె చీపురు గోడకు ఆనించి అరుగు మీద కూచుంది.

"మా అరుణ్ గూడా పోలీసు కావల్లని ఉరికినాడు, నీ మాదిరే రోడ్డు మీద. ఆడ అంగడి కాడ అందరూ నగినారు. ఇంటికొస్తే నేనూ నగినా, ఏంరా ఎస్సై అని. మానేసినాడు. మళ్ళా బూట్లు తొడగలేదు. నిన్ను గుట్ట మీద చూసినప్పుడు వాడే అనుకున్నా. ఉరికేటోన్ని చూసి ఎవురైనా నగుతారు. ప్రార్థన చేసేటోన్ని చూసి నగరు గదా. అందుకే అట్ల చెప్పినా."

ఇన్నాళ్ళూ ఆమెను పిచ్చిదానిగా, ముసలి భక్తురాలిగా చూసి విసుక్కున్నందుకు తల దించుకున్నాను. ఆమె అదేమీ గమనించనట్టు, నువ్వు పాసైన సంగతి అరుణ్‌కు నువ్వే ఫోన్ చేసి చెప్పు, నాకు నోరు రాదు అంది.

చేశాను. అరుణన్న పని మీదే ఉన్నాడు. వెనక మిషను చప్పుడులో రెండుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది. కాసేపటికి చప్పుడు తగ్గింది, పక్కకు వచ్చినట్టున్నాడు.

"ఒక్కనివే ఉరికినావాప్పా?"

"లేదన్నా. ఊరంతా నాతో పాటు నడిచినారు. పెద్దమ్మ దినామూ వచ్చింది."

"మా అమ్మా? నగలేదా?"

లేదన్నా అన్నాను. అమ్మకు ఇవ్వమన్నాడు. పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. ఎక్కుడులో నా చెవి పక్కన అలుపు లేకుండా మాట్లాడిన మనిషి ఆ ఫోనులో మూడే ముక్కలు మాట్లాడింది.

"నీకింకా వయసుండాది నాయనా. ఈసారి పోలీసు పరీక్షకు పిలిస్తే ఇంటికి రా. నీ ఎనక నేను నడుస్తా."